ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల దగ్గరికి ఎందుకు వెళ్తాం?

మా అమ్మమ్మ సమాధి కందుకూరు వైపు ఒక చిన్న పల్లెలో ఉంది. సిమెంటు కట్టడం ఏమీ లేదు. ఎర్రమట్టి దిబ్బ, తల వైపు ఒక చెక్క సిలువ, అంతే. ఏటా ఈస్టర్‌కు ముందురోజు మా పెద్ద మామయ్య అక్కడ గడ్డి పీకి, దిబ్బ సర్ది, చుట్టూ సున్నం చల్లుతాడు. మర్నాడు తెల్లవారుజామున నాలుగున్నరకల్లా హైదరాబాద్ నుంచి, చెన్నై నుంచి వచ్చిన పిల్లాజెల్లాతో సహా అందరం వెళ్లి కొవ్వొత్తులు వెలిగించి పాట పాడతాం. పోయినేడు మా చిన్న మామయ్య రానన్నాడు. ఆయన పెంతెకొస్తు సంఘంలో చేరి నాలుగేళ్లయింది. "సమాధి మీద కొవ్వొత్తి పెట్టమని బైబిల్లో ఎక్కడుందన్నా?" అని అడిగాడు. పెద్ద మామయ్యకు కోపం కంటే బాధ ఎక్కువైంది. "అమ్మకు దణ్ణం పెట్టమన్లేదురా. అమ్మ లేస్తాదని పాడమన్నా" అన్నాడు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఈస్టర్ అంటే కొంచెం టెన్షన్. ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఒకే కుటుంబంలో బాప్తిస్తులు, లూథరన్లు, కతోలికులు, పెంతెకొస్తు వాళ్లు కలిసి ఉండటం మామూలే. పండుగ దగ్గర పడేసరికి ఫోన్లలో మెసేజీలు మొదలవుతాయి. ఈస్టర్ అన్యుల పండుగ అని ఒకరు, యేసు శుక్రవారం చనిపోలేదని ఒకరు, నలభై రోజుల ఉపవాసం మనుషుల కల్పన అని ఇంకొకరు. వీటిని ఒక్కొక్కటిగా విప్పి చూస్తే, పండుగను మనసుపెట్టి చేసుకోవడమంటే ఏమిటో కొంత తేటపడుతుంది.

ఒక్క వారానికి ఇన్ని పేర్లు ఎలా వచ్చాయి

మన ప్రాంతానికి క్రైస్తవం ఒక్క దారిలో రాలేదు. అమెరికన్ బాప్తిస్తు మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరులో పని మొదలుపెట్టారు. 1860లలో జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ మిషన్ లూథరన్లు సూళ్లూరుపేట, నాయుడుపేట వైపు వచ్చారు. నెల్లూరు కతోలిక మేత్రాసనం, అంటే ఒక బిషప్ కింద ఉండే సంఘాల ప్రాంతం, 1928లో ఏర్పడింది. పెంతెకొస్తు సంఘాలు ఆ తర్వాత పెరిగాయి. ఎవరు వచ్చినా సువార్తతో పాటు తమ క్యాలెండర్‌ను కూడా తెచ్చారు. ఇవాళ అన్నదమ్ముల మధ్య వచ్చే ఈ వాదనల్లో సగం అలా వారసత్వంగా వచ్చినవే.

కతోలికులు విబూది బుధవారం అనేదాన్ని లూథరన్లు భస్మ బుధవారం అంటారు. ఆ బుధవారంతో మొదలై ఈస్టర్ దాకా సాగే నలభై రోజుల ఉపవాస కాలం వాళ్లకు తపస్సు కాలం, వీళ్లకు శ్రమల కాలం, లేదా లెంట్. ఈస్టర్‌కు ముందు ఆదివారం వాళ్లకు మ్రానికొమ్మల ఆదివారం, వీళ్లకు మట్టల ఆదివారం. వాళ్లు పాస్కా పండుగ అంటే వీళ్లు పునరుత్థాన పండుగ అంటారు. అందరి నోటా వచ్చే మాట మాత్రం ఈస్టర్.

బాప్తిస్తుల కథ కాస్త వేరు. 1647లో ఇంగ్లండు పార్లమెంటు క్రిస్మస్‌తో పాటు ఈస్టర్‌ను కూడా పండుగల జాబితా నుంచి తీసేసింది. బైబిలు ఆజ్ఞాపించని పండుగలు వద్దన్న ప్యూరిటన్లు అనే ప్రొటెస్టంట్ వర్గం పట్టుదల దాని వెనక ఉంది. అమెరికన్ బాప్తిస్తులు వచ్చింది ఆ ప్రభావం ఉన్న వాతావరణం నుంచే. కాబట్టి విబూది, తపస్సు లాంటివి వాళ్ల సామానులో లేవు. ఇప్పుడు చూస్తే ఒంగోలు, కావలి వైపు ఎన్నో బాప్తిస్తు సంఘాల్లో శ్రమల దినాల కూటాలు ఇంటింటికీ జరుగుతున్నాయి. పక్కింటి ఆచారం మంచిదనిపించి తెచ్చుకున్నారు. ఇందులో తప్పు వెతకాల్సిన పని లేదని నా అభిప్రాయం.

నలభై రోజుల లెక్క కూడా చాలామందికి కుదరదు. 2026 తీసుకుందాం. భస్మ బుధవారం ఫిబ్రవరి 18, ఈస్టర్ ఏప్రిల్ 5. బుధవారం నుంచి ఈస్టర్ ముందురోజు వరకు లెక్కపెడితే 46 రోజులు వస్తాయి. వాటిలో ఆరు ఆదివారాలున్నాయి. అవి తీసేస్తే 40. ఆదివారాలను ఎందుకు తీసేస్తారంటే, ఆదివారం యేసు లేచిన రోజు కాబట్టి ఆ రోజు ఉపవాసం ఉండరు. ఎంత కఠినమైన శ్రమల కాలంలోనైనా ఏడు రోజులకొకసారి ఒక చిన్న ఈస్టర్ వచ్చి పోతుందన్నమాట. ఈ చిన్న లెక్కలో చాలా అర్థం ఉంది.

తేదీ ఏటా ఎందుకు మారుతుంది

పున్నమి, అమావాస్యలు చూసి పండుగలు చేసుకునే మనకు ఇది నిజానికి తేలిగ్గా అర్థం కావాలి. యేసు సిలువ మరణం యూదుల పస్కా పండుగ రోజుల్లో జరిగింది. పస్కా వాళ్ల నీసాను నెల 14వ తేదీకి, అంటే పున్నమికి ముడిపడిన పండుగ. మొదట్లో చిన్న ఆసియా (నేటి టర్కీ) ప్రాంతపు సంఘాలు అది వారంలో ఏ రోజైనా సరే 14వ తేదీనే ఆచరించేవి. రోము లాంటి చోట్ల ఆదివారమే ఉండాలనేవారు. క్రీ.శ. 155 ప్రాంతంలో స్ముర్న సంఘానికి పెద్ద అయిన పోలికార్పు రోముకు వెళ్లి అక్కడి బిషప్ అనిసేటస్‌తో ఈ విషయం మాట్లాడాడు. ఒకరు చెప్పింది ఒకరు ఒప్పుకోలేదు. అయినా అనిసేటస్ తన సంఘంలో ప్రభు బల్ల నడిపించే గౌరవాన్ని పోలికార్పుకే ఇచ్చాడు. సమాధానంతో విడిపోయారు. మా మామయ్యల గొడవ గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఈ ఇద్దరూ గుర్తొస్తారు.

325లో నీసియాలో జరిగిన బిషప్పుల సభ అందరూ ఒకే ఆదివారం చేసుకోవాలని నిర్ణయించింది. తర్వాత స్థిరపడిన సూత్రం ఇది: మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పున్నమి చూడాలి, ఆ పున్నమి దాటాక వచ్చే ఆదివారం ఈస్టర్. అందుకే అది మార్చి 22 నుంచి ఏప్రిల్ 25 లోపే పడుతుంది.

లెక్క వేసి చూద్దాం. 2026లో ఉగాది మార్చి 19న, చైత్ర పున్నమి ఏప్రిల్ 2 గురువారం. దాని తర్వాతి ఆదివారం ఏప్రిల్ 5. అదే ఈస్టర్. 2027లో మార్చి 22 సోమవారమే పున్నమి. అప్పటికి మనకు ఉగాది కూడా రాదు, అది ఫాల్గుణ పున్నమి. ఈస్టర్ మార్చి 28. మరి పున్నమి ఆదివారం నాడే వస్తే? 2025లో సంఘం లెక్కలో పున్నమి ఏప్రిల్ 13, సరిగ్గా ఆదివారం. పున్నమి దాటాలి కాబట్టి పండుగ వారం జరిగి ఏప్రిల్ 20 అయింది.

ఒక చిక్కు ఉంది. సంఘం చూసేది ఆకాశంలో చంద్రుణ్ణి కాదు, ఎప్పుడో తయారు చేసుకున్న పట్టికను. 2019లో ఇది బయటపడింది. ఆ ఏడు ఆకాశం లెక్క ప్రకారం మార్చి 21నే పున్నమి, పండుగ మార్చి 24న రావాలి. పట్టికలో మాత్రం ఆ పున్నమి మార్చి 20కి పడింది, అంటే ఒక్క రోజు ముందు. దాంతో ఏప్రిల్ పున్నమి దాకా ఆగి ఏప్రిల్ 21న చేసుకున్నారు. తూర్పు దేశాల ఆర్థడాక్స్ సంఘాలు చాలావరకు పాత జూలియన్ క్యాలెండర్‌తో లెక్క వేస్తాయి. వాళ్లకు 2026లో ఏప్రిల్ 12, 2027లో మే 2. 2025లో మాత్రం ఇద్దరికీ ఒకే రోజు వచ్చింది, 2028లో ఏప్రిల్ 16న మళ్లీ కలుస్తుంది. ప్రపంచమంతా ఒకే తేదీ పెట్టుకోవాలన్న చర్చ దశాబ్దాలుగా నడుస్తూనే ఉంది.

పేరు మీద గొడవ

ఈస్టర్ అనేది బాబిలోను దేవత ఇష్తార్ పేరు అని ఒక మెసేజీ ఏటా తిరుగుతుంది. ఆ రెండు పేర్లకూ శబ్దం కలిసింది తప్ప సంబంధం చూపించే ఆధారం లేదు. ఎనిమిదో శతాబ్దపు ఇంగ్లిషు సన్యాసి బీడ్ మాత్రం, ఏప్రిల్ ప్రాంతపు నెలకు ఈయోస్ట్ర అనే దేవత పేరు ఉండేదని, ఆ నెలలో వచ్చే పండుగకు అదే పేరు స్థిరపడిందని రాశాడు. అది నిజమే అనుకున్నా, ఆ పేరు ఇంగ్లిషు, జర్మన్ లాంటి ఒకటి రెండు భాషలదే. గ్రీకు, లాటిన్ సంఘాలు మొదటి నుంచీ ఈ పండుగను పస్కా అనే పిలిచాయి. మన కతోలికులు అనే పాస్కా ఆ పాత మాటే. ఈస్టర్ అనడానికి మనసొప్పని వాళ్లకు పునరుత్థాన పండుగ అనే చక్కటి తెలుగు పేరు ఉండనే ఉంది.

ఈస్టర్‌కు ఇచ్చుకునే రంగు గుడ్ల సంగతి కూడా ఇంతే. తూర్పు, పడమర సంఘాల్లో ఒకప్పుడు శ్రమల కాలంలో గుడ్లు కూడా మానేసేవారు. కోళ్లు పెట్టడం ఆపవు కాబట్టి పండుగనాటికి ఇంట్లో గుడ్లు పోగయ్యేవి. మన దగ్గర ఆ చరిత్ర లేదు, రంగు గుడ్డు బేకరీల ద్వారా వచ్చింది.

శుక్రవారం నుంచి ఆదివారం దాకా మూడు రోజులెలా అవుతాయి

శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి చనిపోయి ఆదివారం తెల్లవారుజామున లేస్తే గంటల్లో రెండు రోజులు కూడా నిండవు. ఈ ప్రశ్న సండే స్కూల్ పిల్లలు కూడా అడుగుతారు.

మన పల్లెలో శుక్రవారం సాయంత్రం ఎవరైనా పోతే మూడో రోజు ఎప్పుడంటారు? ఆదివారం. పోయిన రోజును కూడా కలిపే లెక్కపెడతాం. యూదుల లెక్క అదే, పైగా వాళ్లకు రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. శుక్రవారం పొద్దుగూకేలోపు మొదటి రోజు. అక్కడి నుంచి శనివారం పొద్దుగూకేదాకా రెండోది. ఆ తర్వాత మూడోది. ఎమ్మాయు దారిలో ఆదివారం నాడే నడుస్తున్న ఇద్దరు శిష్యులు ఇది జరిగి మూడో రోజు అని చెప్పుకున్నట్టు లూకా రాశాడు.

కాదనే వాళ్లకూ ఒక బలమైన వచనం ఉంది. మత్తయి 12:40లో యేసు మూడు రాత్రింబగళ్లు అన్నాడు. శుక్ర, శని రాత్రులు రెండే కదా అంటారు. పైగా ఆ వారంలో వచ్చిన విశ్రాంతి దినం మహాదినమని యోహాను రాశాడు కాబట్టి పండుగ విశ్రాంతి ఒకటి, శనివారం ఒకటి విడివిడిగా వచ్చాయని, సిలువ బుధవారమో గురువారమో జరిగిందని వాళ్ల వాదన. దీనికి జవాబుగా ఎస్తేరు కథ చెబుతారు. ఆమె మూడు దినాలు, రాత్రీ పగలూ ఉపవాసం ఉండమంది, కానీ మూడో రోజే రాజు దగ్గరికి వెళ్లింది. మూడు రాత్రింబగళ్లు అనేది ఆ భాషలో నుడికారమని, గంటల లెక్క కాదని దీన్ని బట్టి అర్థమవుతుంది. నాకు ఈ జవాబు సరిపోయింది. సరిపోని వాళ్లు కూడా ఆదివారం లేచాడన్న దగ్గర మనతోనే ఉన్నారు.

ఏమీ జరగని శనివారం

శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు వరకు యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల ధ్యానం, లేదంటే పద్నాలుగు స్థలాల సిలువ మార్గం. ఆదివారం పండుగ. మధ్యలో శనివారం మన ఇళ్లలో ఎలా గడుస్తుంది? ఇల్లు కడగడం, మాంసం చెప్పి రావడం, బట్టలు ఇస్త్రీ చేయించడం, సమాధి దగ్గర సున్నం పని. ఏడాదిలో ఇంత పని ఉన్న రోజు ఇంకొకటి ఉండదు.

సువార్తల్లో ఆ శనివారం గురించి దాదాపు ఏమీ లేదు. స్త్రీలు సుగంధ ద్రవ్యాలు సిద్ధం చేసుకుని, ఆజ్ఞ ప్రకారం విశ్రాంతి దినాన తీరికగా ఉన్నారని లూకా ఒక్క మాట చెప్పి వదిలేస్తాడు. మత్తయి సమాధికి కావలి పెట్టిన సంగతి చెబుతాడు. అంతే. శిష్యులకు రేపు ఆదివారం ఉందని తెలియదు. వాళ్లకు అది పండుగ ముందురోజు కాదు, మనిషి పోయిన మర్నాడు.

కతోలికుల ఆరాధనలో ఈ ఖాళీని ఖాళీగానే ఉంచుతారు. పవిత్ర శనివారం పగలు దివ్యబలిపూజ ఉండదు. బలిపీఠం మీద గుడ్డ కూడా ఉండదు. చీకటి పడ్డాక పాస్కా జాగరణ మొదలవుతుంది. గుడి బయట కొత్త నిప్పు రాజేసి, దాని నుంచి ఆ సంవత్సరం అంకెలు చెక్కిన పెద్ద పాస్కా కొవ్వొత్తి వెలిగిస్తారు. గుడిలో దీపాలన్నీ ఆపేసి ఉంటాయి. ఆ ఒక్క మంట నుంచి ఒకరి కొవ్వొత్తి ఒకరు వెలిగించుకుంటూ పోతుంటే చీకటి కొంచెం కొంచెంగా వెనక్కి జరుగుతుంది. సృష్టి కథ దగ్గర్నుంచి ఎర్రసముద్రం దాటిన కథ మీదుగా వాక్యాలు చదువుతారు. బాప్తిస్మాలు ఇస్తారు. కొన్ని వందల ఏళ్లపాటు ఈ జాగరణను శనివారం పొద్దున్నే ముగించేసేవారు. 1951లో పన్నెండో పయస్ పోపు దాన్ని మళ్లీ రాత్రికి మార్చే అనుమతి ఇచ్చారు. పగటి వెలుతురులో కొవ్వొత్తి వెలిగిస్తే ఆ చీకటి అర్థం ఎలా తెలుస్తుంది?

ఈ శనివారాన్ని నేను ఎందుకు ఇంత పట్టుకున్నానంటే, ఆ ఏడు ఇంట్లో ఎవరినైనా పోగొట్టుకున్న వాళ్లకు ఈస్టర్ పొద్దున చప్పట్ల మధ్య కూర్చోవడం కష్టం. మా అమ్మమ్మ పోయిన ఏడు మా అమ్మ ఆరాధన మధ్యలో లేచి బయటికి వచ్చేసింది. ఇంకా రెండు నెలలు కూడా కాలేదు. ఎవరో వచ్చి, సంతోషించాల్సిన రోజు ఏడవకూడదమ్మా అన్నారు. శనివారానికి చోటు ఉన్న ఆరాధనలో ఆమెకూ చోటు ఉండేది. శుక్రవారం నుంచి నేరుగా ఆదివారానికి దూకితే ఆమెలాంటి వాళ్లు మధ్యలో మిగిలిపోతారు.

బాప్తిస్తుల దగ్గర ఇదే అర్థం వేరే రూపంలో ఉంది. మనిషిని పూర్తిగా నీటిలో ముంచడం పాతిపెట్టడానికి, పైకి లేపడం పునరుత్థానానికి గుర్తు అని రోమా పత్రిక ఆరో అధ్యాయం చూపిస్తారు. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో గుండ్లకమ్మ ఒడ్డున, అమెరికన్ బాప్తిస్తు మిషనరీ జాన్ క్లౌ నాయకత్వంలోని మిషన్ ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చింది. కరువు చూసి, ఆకలి చావులు చూసి వచ్చిన మనుషులు వాళ్లు. క్యాలెండర్‌లో అది ఈస్టర్ కాదు. నదిలో మునిగి లేచిన వాళ్లకు మాత్రం చావు, లేవడం అనే మాటలు పుస్తకంలోవి కావు.

సమాధి దగ్గర కొవ్వొత్తి: ఎవరి మాట ఏమిటి

ఇప్పుడు మా మామయ్యల దగ్గరికి వద్దాం.

తెల్లవారుజామున సమాధుల తోటలో ఈస్టర్ ఆరాధన చేయడం మన దగ్గర పుట్టింది కాదు. 1732లో జర్మనీలోని హెర్న్‌హూట్‌లో మొరావియన్ సంఘం యువకులు కొండ మీదున్న తమ సమాధుల తోటకు వెళ్లి సూర్యోదయ వేళ పాటలు పాడారు. మిషనరీల ద్వారా ఆ అలవాటు ప్రపంచమంతా పాకింది. ఒంగోలుకైతే తెల్లవారుజాము ప్రార్థన విషయంలో సొంత జ్ఞాపకమే ఉంది. 1854 జనవరి 1న బాప్తిస్తు మిషనరీ లైమన్ జూయెట్ దంపతులు, కొద్దిమంది తెలుగు విశ్వాసులు పొద్దుపొడవక ముందే ఊరి పక్క కొండెక్కి ప్రార్థించారు.

వెలిగించే కొవ్వొత్తి ఒకటే అయినా దాని అర్థం అందరికీ ఒకటి కాదు. కతోలికులు చనిపోయిన వారి ఆత్మల కోసం ప్రార్థిస్తారు, దానికి నవంబరు 2 ప్రత్యేకంగా ఉంది. లూథరన్లు, బాప్తిస్తులు చనిపోయిన వారి కోసం కాదు, వారి జీవితం కోసం దేవునికి కృతజ్ఞత చెబుతారు. పెంతెకొస్తు, బ్రదరన్ సంఘాల్లో చాలామంది ఆ వెలుగే వద్దంటారు. చూసేవాళ్లకు అది పితృపూజలా కనిపిస్తుందని వాళ్ల భయం. ఆ భయం ఊరికే రాలేదు. కొన్ని కుటుంబాలు అగరొత్తులు వెలిగించి, పోయిన మనిషికి ఇష్టమైన కూర వండి దిబ్బ మీద పెట్టడం నేనే చూశాను. అక్కడ పునరుత్థానం మాట వినపడదు. చిన్న మామయ్య అడిగిన ప్రశ్నకు బరువు ఉంది.

విచిత్రం ఏమిటంటే ఇద్దరూ చూపించే వచనం ఒక్కటే. లూకా 24లో దూతలు స్త్రీలను అడుగుతారు, బతికి ఉన్నవాణ్ణి చనిపోయినవాళ్లలో ఎందుకు వెతుకుతున్నారని. చూశారా, సమాధి దగ్గర వెతకొద్దన్నారు అంటాడు చిన్న మామయ్య. ఆ మాట వినబడింది ఎవరికి, సమాధి దాకా వెళ్లినవాళ్లకే కదా అంటాడు పెద్ద మామయ్య. ఆ స్త్రీలు పునరుత్థానాన్ని చూడాలని వెళ్లలేదు. శవానికి సుగంధ ద్రవ్యాలు పూయాలని, ఆ రాయి ఎవరు దొర్లిస్తారని మాట్లాడుకుంటూ వెళ్లారు. మనలో చాలా ఊళ్లలో ఆడవాళ్లు శ్మశానానికి వెళ్లే ఆచారం లేదు. ఈస్టర్ తెల్లవారుజామున మాత్రం మా పల్లెలో ముందు నడిచేది ఆడవాళ్లే. ఆ దృశ్యం నాకు చాలా విలువైనది.

పండుగే వద్దనే వాళ్ల సంగతి

ఏ పండుగా ఆచరించని విశ్వాసులు గలతీ 4:10, కొలొస్సీ 2:16 చూపిస్తారు. దినాల విషయంలో ఎవరినీ మీకు తీర్పు తీర్చనివ్వొద్దని కొలొస్సీలో ఉంది. వాళ్లకు ప్రతి ఆదివారమూ పునరుత్థాన దినమే, ఏడాదికొకసారి గుర్తు చేసుకోవడం తక్కువ చేయడమే. ఆచరించే వాళ్లు కొరింథీ మొదటి పత్రిక అయిదో అధ్యాయం చూపిస్తారు. క్రీస్తు మన పస్కాగా వధించబడ్డాడు కాబట్టి పండుగ ఆచరిద్దాం అని పౌలు అక్కడ అన్నాడు. రోమా 14లో ఆయనే, ఒకరికి ఒక రోజు గొప్ప, మరొకరికి అన్నీ సమానం, ఎవరి మనసులో వాళ్లు నిశ్చయించుకోండి అని వదిలేశాడు. ఆ మాటను రెండు పక్షాలూ ఒకరి మీద ఒకరు విసురుకోకుండా ఉంటే ఇళ్లలో సగం గొడవ ఉండదు.

ఇంకొకటి మనం దాదాపు మర్చిపోయాం. క్యాలెండర్ ప్రకారం ఈస్టర్ ఆ ఆదివారంతో అయిపోదు. నలభయ్యో రోజు యేసు పరలోకానికి ఎక్కిన ఆరోహణం, యాభయ్యో రోజు పెంతెకొస్తు పండుగ. నలభై రోజుల శ్రమల కూటాలకు ఇల్లిల్లూ తిరిగే మనం, తర్వాతి యాభై రోజుల సంతోషానికి ఒక్క కూటమైనా పెట్టుకోం. ఆదివారం మధ్యాహ్నం బిర్యానీతో ముగించి సాయంత్రం బస్సెక్కేస్తాం.

పోయినేడు చిన్న మామయ్య అన్నట్టే సమాధుల తోటకు రాలేదు. వాళ్ల సంఘంలో అయిదింటికే ఆరాధన ఉందని వెళ్లిపోయాడు. మేం చీకట్లో టార్చి వేసుకుని వెళ్లేసరికి దిబ్బ మీద మట్టి కొత్తగా ఎత్తి, తడిపి ఉంది. వంగిపోయిన చెక్క సిలువ నిటారుగా నిలబెట్టి ఉంది. సున్నం చల్లింది నేనే గానీ మట్టి ఎత్తింది నేను కాదన్నాడు పెద్ద మామయ్య. తర్వాత కొవ్వొత్తి వెలిగించి పాట మొదలుపెట్టాడు.